ప్రాజెక్టుకు ఏ చందమామ? టైటాన్, యూరోపా, ట్రైటన్, ఎన్‌సెలడస్‌ల మధ్య ఒక పోలిక

సంక్రాంతి సెలవులు ముగిసి కాలేజీ తెరవగానే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు శీర్షికలు రాసుకుని నా గదికి వస్తారు. ఎక్కువ మందివి నలిగిన దారులే: బోరు నీళ్ల విశ్లేషణ, మాత్రల్లో మందు శాతం, ఆకుల కషాయంతో వెండి నానో కణాలు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి మాత్రం ఏటా ఒకరిద్దరు వేరే కాగితం తెస్తున్నారు. "మేడమ్, నేను టైటాన్ మీద చేస్తాను." అనంతపురంలో కూర్చుని శనిగ్రహపు చందమామ గురించి అడిగే పిల్లను చూస్తే నాకు పట్టరాని సంతోషం. వెంటనే ఒక ప్రశ్న వేస్తాను: "టైటాన్ మీద ఏ లెక్క కడతావమ్మా? ఆ లెక్క సరిపోయిందో లేదో దేనితో పోల్చి చూస్తావు?" చాలామంది అక్కడే ఆగిపోతారు.

వాళ్లు విన్నదంతా అక్కడ జీవం ఉందా లేదా అన్న చర్చే. ఆ చర్చ గొప్పదే కానీ నాలుగు నెలల ప్రాజెక్టుకు అది ప్రశ్న కాదు. గురు, శని, నెప్ట్యూన్ గ్రహాల చుట్టూ తిరిగే మంచు చందమామల్లో ఒక్కోదానిలో ఒక్కో రకం రసాయనం నడుస్తోంది. ఒకచోట కాంతి అణువులను విరగ్గొడుతుంది, ఇంకొకచోట రేడియేషన్ మంచును చీలుస్తుంది, మరొకచోట మంచే ఆవిరై వాతావరణంగా మారుతుంది, వేరొకచోట వేడినీళ్లు రాతిని కరిగిస్తున్నాయి. ముందు మీకు వచ్చిన రసాయనం ఏదో తేల్చుకోండి. చందమామ దాని వెంట తానే వస్తుంది.

నా నిర్ణయం మొదటే చెబుతాను. మన జిల్లాలో మామూలు ల్యాబు ఉన్న కాలేజీ విద్యార్థికి మొదటి ఎంపిక శనిగ్రహపు చందమామ ఎన్‌సెలడస్. భౌతిక రసాయనం ఇష్టపడి, లెక్కలకు జంకని వాళ్లకు నెప్ట్యూన్ చందమామ ట్రైటన్. ఆ తర్వాతే టైటాన్. చివరగా గురుగ్రహపు యూరోపా. పేరు ప్రఖ్యాతుల్లో చూస్తే ఈ వరస దాదాపు తలకిందులుగా ఉంటుందని నాకు తెలుసు. నేను చూసింది మూడే సంగతులు: మీరు కట్టే లెక్కకు ఎదురుగా పెట్టి చూడటానికి ఎవరో కొలిచిన అంకె ఉందా, మీ బల్ల మీద చేయగల ప్రయోగం ఒక్కటైనా ఉందా, నాలుగు నెలల్లో ముగుస్తుందా.

టైటాన్: అందరూ కోరుకునేది

టైటాన్‌ను ఎందుకు కోరుకుంటారో నాకు బాగా అర్థమవుతుంది. చుట్టూ దట్టమైన గాలి ఉన్న చందమామ సౌరకుటుంబంలో అదొక్కటే. 1655లో హైగెన్స్ దాన్ని కనిపెట్టాడు. 1944లో కైపర్ దాని వర్ణపటంలో మీథేన్ గుర్తులు చూసి అక్కడ వాతావరణం ఉందని తేల్చాడు. నేల దగ్గర పీడనం మన దగ్గరి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, ఉష్ణోగ్రత మైనస్ 179 డిగ్రీలు. గాలిలో దాదాపు 95 శాతం నత్రజని, నేలకు దగ్గరగా 5 శాతం వరకు మీథేన్. మీథేన్ మైనస్ 182.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంటే మన భూమి మీద నీటికి ఉన్న పాత్రే అక్కడ మీథేన్‌ది: మబ్బు, వాన, ఏరు, సరస్సు అన్నీ దానితోనే.

2005 జనవరి 14న ఆయన పేరే పెట్టుకున్న హైగెన్స్ నౌక పారాచూట్ల సాయంతో రెండున్నర గంటల సేపు దిగి నేల మీద వాలింది. అది పంపిన ఫొటో తరగతిలో చూపినప్పుడల్లా పామిడి వైపు పిల్లలు ఒకే మాట అంటారు: "మేడమ్, ఇది మన పెన్నలా ఉంది." నిజమే. నీళ్లు లేని ఏటిపడకలో అంచులు అరిగిన గుండ్రాళ్లు. కాకపోతే ఆ రాళ్లు గట్టి మంచువి, వాటిని అరగదీసింది ద్రవ మీథేన్. నౌక వేడికి కింది నేలలోంచి మీథేన్ ఆవిరై లేచినట్టు దాని పరికరం నమోదు చేసింది కూడా. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించి, ఎప్పుడో ఒక పెద్ద వానకు పారే ఏరు ఎలా ఉంటుందో మనకు ఎవరూ నేర్పక్కరలేదు. టైటాన్ నడిమి ప్రాంతం కూడా అలాంటి ఎండు నేలే. వానలు అరుదు, పడితే పెద్దవి.

చిక్కు గాలి పైపొరల్లో ఉంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు మీథేన్‌ను విరగ్గొడతాయి. ఆ ముక్కలు కలిసి ఈథేన్, ఎసిటిలీన్, బెంజీన్ అవుతాయి. నత్రజని ముక్కలు తోడై హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అవన్నీ ఇంకా కలిసి పెరిగి నారింజ రంగు పొగమంచుగా మారతాయి. ప్రయోగశాలలో అలాంటి గోధుమ రంగు జిగురు పదార్థాన్ని తయారుచేసిన కార్ల్ సాగన్, వారణాసిలో పుట్టిన బిషున్ ఖరే 1979లో దానికి థోలిన్ అని పేరు పెట్టారు. ఈ మొత్తం వలలో చర్యలు వందలు. ఒక్కో చర్యకు వేగ స్థిరాంకం కావాలి, అది కూడా అంత చలిలోనిది. చాలా వాటికి కొలిచిన విలువలు లేక అంచనాలు వాడతారు. మూడేళ్ల క్రితం ఒక విద్యార్థి పట్టుబట్టి ఈ వలంతా కంప్యూటర్‌లో ఎక్కించాడు. తెలివైన పిల్లవాడు, రాత్రింబవళ్లు కష్టపడ్డాడు. మార్చి ఆఖరుకు అతని చేతిలో ఒక గ్రాఫు ఉంది కానీ అందులోని ఒక్క వంపు ఎందుకు అలా వచ్చిందో చెప్పలేకపోయాడు. వైవాలో బయటి పరీక్షకుడు అడిగిందల్లా దాని గురించే.

కాబట్టి టైటానే కావాలనుకుంటే చిన్న ముక్క కోసుకోండి. మీథేన్ విరిగి ఈథేన్‌గా మారే నాలుగైదు చర్యలు చాలు. సూర్యకాంతి ఎంత పడుతుందో తీసుకుని, ఇప్పుడున్న మీథేన్ ఎన్నాళ్లలో అయిపోతుందో లెక్క కట్టండి. కోట్ల సంవత్సరాల్లో జవాబు వస్తుంది. సౌరకుటుంబం వయసు 450 కోట్ల ఏళ్లకు పైనే కాబట్టి, లోపలి నుంచి మీథేన్ మళ్లీ మళ్లీ వస్తూ ఉండాలన్న అసలు చిక్కుముడి మీ లెక్కలోంచే బయటపడుతుంది. అది చాలా మంచి ప్రాజెక్టు. మైక్రోవేవ్ వర్ణపటాలు చదవడం వస్తే చిలీలోని ఆల్మా టెలిస్కోపు పాత పరిశీలనలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. 2017లో టైటాన్ గాలిలో వినైల్ సయనైడ్‌ను తేల్చింది ఆ దత్తాంశాలతోనే. బల్ల మీద చేసే ప్రయోగం మాత్రం టైటాన్‌కు ఏదీ లేదు. మీథేన్, నత్రజని మిశ్రమంలో విద్యుత్ మెరుపులు పుట్టించే అమరిక మన కాలేజీల్లో పెట్టడం ప్రమాదం కూడా. సయనైడ్ పుడుతుందని పైనే చెప్పాను.

డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే నౌక 2028లో బయలుదేరి 2034లో అక్కడికి చేరాలన్నది ప్రణాళిక. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్లు పీహెచ్‌డీ ముగించే నాటికి కొత్త అంకెలు వస్తాయి. దూరాలోచనతో టైటాన్‌ను ఎంచుకునేవాళ్లకు ఇది పెద్ద ఆశ.

యూరోపా: మంచి ప్రశ్న, మన చేతికి అందనిది

యూరోపా గురించి ముందుగా ఒక అపోహ తీసేయాలి. అక్కడ పలుచని ఆక్సిజన్ వాతావరణం ఉందని 1995లో హబుల్ టెలిస్కోపు చూపింది. ఆక్సిజన్ అనగానే పిల్లలు చెట్లను తలుచుకుంటారు. అక్కడి ఆక్సిజన్ పుట్టుక వేరు. గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాలు వేగంగా వచ్చి మంచును ఢీకొని నీటి అణువులను చీలుస్తాయి. తేలికైన హైడ్రోజన్ పారిపోతుంది, ఆక్సిజన్ మిగులుతుంది. హైడ్రాక్సిల్ ముక్కలు రెండేసి కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. దాన్ని గెలీలియో నౌక 1999 నాటికే గుర్తించింది. నీటితో పోలిస్తే 0.13 శాతం. జూనో నౌక 2022లో దగ్గరగా వెళ్లినప్పటి కొలతల నుంచి ఆక్సిజన్ సెకనుకు 12 కిలోల చొప్పున పుడుతోందని 2024లో తేల్చారు. రోజుకు వెయ్యి టన్నులు. వినడానికి ఎక్కువే అయినా పాత అంచనాల్లో కొన్ని దీనికి పదుల రెట్లు ఉండేవి.

ఉప్పు సంగతి నాకు మరీ ఇష్టం. మామూలు తినే ఉప్పు మీద ఇలాంటి రేడియేషన్ పడితే స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకుని అది పసుపు రంగుకు తిరుగుతుంది. యూరోపా మీద టారా రీజియో అనే చోట ఆ రంగు గుర్తునే 2019లో హబుల్ వర్ణపటంలో పట్టుకున్నారు. ఘనస్థితి రసాయనంలో రంగు కేంద్రాల పాఠం చదివిన వాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయినా వద్దంటున్నాను. ఈ చర్యలు చేసి చూడాలంటే మైనస్ 160 డిగ్రీల మంచు, శూన్యం, ఎలక్ట్రాన్ పుంజం మూడూ ఒకేచోట కావాలి. మన దేశంలో అంతరిక్ష మంచుల మీద అలాంటి పని జరిగే చోట్లలో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ ఒకటి. అక్కడ వేసవి ఇంటర్న్‌షిప్ దొరికితే కళ్లు మూసుకుని యూరోపా తీసుకోండి. దొరకకపోతే మీ ప్రాజెక్టు ఇతరుల పత్రాల సారాంశంగా మిగిలిపోతుంది. 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం చేరి 49 సార్లు యూరోపా పక్కగా వెళ్లాలి. అప్పుడు ఈ వరసను నేను మళ్లీ రాయవలసి వస్తుంది.

ట్రైటన్: ఎవరూ అడగనిది

ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చి ట్రైటన్ అన్న విద్యార్థి ఒక్కరూ లేరు. నేనే ఒకరికి అంటగట్టాను, ఆ అమ్మాయి ఆ ఏడాది అందరికంటే శుభ్రమైన ప్రాజెక్టు చేసింది.

నెప్ట్యూన్ కనిపించిన 17 రోజులకే, 1846 అక్టోబరు 10న లాసెల్ దీన్ని చూశాడు. దగ్గరికి వెళ్లిన నౌక ఒక్కటే, వాయేజర్ 2, 1989 ఆగస్టు 25న. నేల మీద గడ్డకట్టిన నత్రజని, దానితో కలిసి కొద్దిగా మీథేన్, కార్బన్ మోనాక్సైడ్. ఉష్ణోగ్రత 38 కెల్విన్, అంటే మైనస్ 235 డిగ్రీలు. ఆ నత్రజని మంచు నుంచి లేచిన ఆవిరే అక్కడి గాలి. మంచు, గాలి ఒకదానితో ఒకటి సమతౌల్యంలో ఉంటాయి. ఉష్ణోగ్రతను బట్టి ఆవిరి పీడనం ఎలా మారుతుందో చెప్పే, బీఎస్సీలో చదివిన క్లాసియస్-క్లాపెరాన్ సమీకరణం ఒక్కటి చాలు ఆ గాలి ఎంతో చెప్పడానికి.

చేసి చూపిస్తాను. నత్రజని త్రిక బిందువు (ఘనం, ద్రవం, ఆవిరి మూడూ కలిసి ఉండే చోటు) 63.15 కెల్విన్, అక్కడ పీడనం 0.125 బార్. ఉత్పతన ఉష్ణం, అంటే మంచు నేరుగా ఆవిరి కావడానికి పట్టే వేడి, మోలుకు సుమారు 7 కిలోజౌళ్లు. దీన్ని వాయు స్థిరాంకంతో భాగిస్తే 842. ఇప్పుడు 1/38 లోంచి 1/63.15 తీసేస్తే 0.01048. దాన్ని 842తో గుణిస్తే 8.82. ఈ సంఖ్యను రుణ గుర్తుతో సహజ ఘాతాంకంలో పెడితే 0.000147. దాన్ని 0.125తో గుణించండి: బార్‌లో పది లక్షల వంతులు 18. వాయేజర్ కొలిచింది 14. ఉష్ణోగ్రత 38 బదులు 37.5 వేసి చూడండి, సరిగ్గా 14 దగ్గరికి వస్తుంది. ఆ అమ్మాయి ఈ లెక్క నల్లబల్ల మీద చేసి, వెనక్కి తిరిగి, "మేడమ్, సగం డిగ్రీకి ఇంత తేడానా?" అంది. అదే ఆమె ప్రాజెక్టు అయింది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి దాదాపు ముప్పాతిక వంతు పెరుగుతుంది.

దాన్ని పోల్చి చూడటానికి కొలతలూ ఉన్నాయి. ట్రైటన్ ఏదైనా నక్షత్రానికి అడ్డువచ్చినప్పుడు ఆ నక్షత్ర కాంతి తగ్గే తీరును బట్టి పీడనం తెలుస్తుంది. 1997లో అలా చూస్తే 1989 కంటే పెరిగినట్టు కనిపించింది. 2017లో చూస్తే మళ్లీ వాయేజర్ నాటి స్థాయికి దగ్గరగా ఉంది. రుతువులు మారి మంచు ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి తరలడమే ఇక్కడి వాతావరణ శాస్త్రం. నత్రజనిలో కరిగిన మీథేన్‌కు రౌల్ట్ నియమం (మిశ్రమంలో ఒక్కోదాని ఆవిరి పీడనం దాని వాటాను బట్టి ఉంటుందనేది) వేసి చూస్తే ఇంకో అధ్యాయం వస్తుంది. వాయేజర్ ఫొటోల్లో 8 కిలోమీటర్ల ఎత్తు లేచిన నల్లటి ధారల గురించి చివర్లో రెండు పేజీలు రాయవచ్చు. పారదర్శకమైన నత్రజని మంచు గుండా ఎండ లోపలికి పోయి అడుగును వేడి చేస్తుందన్నది ఒక వివరణ.

దీనికి కావలసింది ఒక ల్యాప్‌టాప్, ఒక భౌతిక రసాయన పుస్తకం. లోటు ఒక్కటే, గాజుసామాను ముట్టుకునే పని లేదు. చేతులతో పనిచేయాలని ఉబలాటపడే వాళ్లకు ఇది నీరసంగా అనిపిస్తుంది.

ఎన్‌సెలడస్: మన కాళ్ల కింద ఉన్నది

1789లో హెర్షెల్ చూసిన ఈ చందమామ అడ్డంగా 504 కిలోమీటర్లు, అంటే ఇక్కడి నుంచి హైదరాబాదు దాటి ఇంకా చాలా ముందుకు. ఇంత చిన్నది గడ్డకట్టి చచ్చిపడి ఉండాలి. 2005లో కస్సీని నౌక చూస్తే దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి చీలికల్లోంచి నీటి ఆవిరి, మంచు పొడి ఆకాశంలోకి చిమ్ముతున్నాయి. కస్సీని ఆ చిమ్ముడులోంచే దూసుకుపోయి రుచి చూసింది. నీటి ఆవిరితో పాటు కార్బన్ డయాక్సైడ్, మీథేన్, అమ్మోనియా, 2017లో ప్రకటించిన లెక్క ప్రకారం 0.4 నుంచి 1.4 శాతం హైడ్రోజన్. మంచు రేణువుల్లో సోడియం లవణాలు, సిలికా నలుసులు. 2023లో ఫాస్ఫేట్లు.

ఇందులో మనకు కొత్త ఏముంది? సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్, ఉప్పు కలిసిన క్షార జలం. మన పల్లెల్లో దాని పేరు చౌడు. ఎండాకాలంలో చెరువు కింది పల్లపు నేలల్లో తెల్లగా పొర కట్టే ఆ మన్నును ఒకప్పుడు చాకళ్లు బట్టలుతకడానికి తెచ్చుకునేవారు. ఎన్‌సెలడస్ సముద్రపు పీహెచ్ గురించి వేర్వేరు అంచనాలు 8.5 నుంచి 12 దాకా ఉన్నాయి. చౌడు నీళ్లలో ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు చూపించి, ఇదే జాతి నీళ్లు శనిగ్రహం దగ్గర ఉన్నాయని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

రేణువుల్లో ఉప్పు ఉండటం ఎందుకు పెద్ద సంగతో ఒక గిన్నెతో తేలిపోతుంది. చౌడు నీళ్లను వడగట్టి స్టీలు గిన్నెలో మరిగించండి. పైన చల్లటి పళ్లెం ఎత్తుగా పట్టుకోండి. పళ్లేనికి పట్టిన చెమటను సేకరించి విద్యుత్ వాహకత కొలిస్తే దాదాపు ఏమీ ఉండదు, ఆరినా మచ్చ పడదు. బుడగలు పగిలి గిన్నె అంచు మీద చిందిన చుక్కలు ఆరాక తెల్లటి మచ్చలు మిగులుతాయి. ఆవిరి ఉప్పును మోయదు, చిందిన చుక్క మోస్తుంది. ఎన్‌సెలడస్ నుంచి వచ్చిన రేణువుల్లో కొన్ని దాదాపు శుద్ధజలం, కొన్ని ఉప్పుతో నిండినవి. ఆ ఉప్పు రేణువుల వల్లే లోపల ద్రవజలం ఉందన్న వాదన బలపడింది. మంచు నేరుగా ఆవిరై వచ్చి ఉంటే అవి పుట్టేవి కావు.

ఇక ఫాస్ఫేట్. ఇక్కడే అనంతపురం విద్యార్థికి ఎవరికీ లేని సదుపాయం ఉంది. మన జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువ? గ్రానైటు రాళ్ల ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్ నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం చాలినంత ఉంటే దానితో కలిసి ఫ్లోరైట్‌గా అడుక్కు దిగేది. మన నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, పీహెచ్ ఎక్కువ. కాల్షియాన్ని కార్బొనేట్ ముందే లాగేసుకుంటుంది. నల్లరేగడి పొలాల్లో తవ్వితే కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు అవే. జత దొరకని ఫ్లోరైడ్ నీటిలోనే మిగిలి, తాగిన వాళ్ల పళ్లకూ ఎముకలకూ ఎక్కుతోంది. ఈ వాక్యాల్లో ఫ్లోరైడ్ తీసేసి ఫాస్ఫేట్ పెట్టండి, ఎన్‌సెలడస్ సముద్రం వచ్చేస్తుంది. కార్బొనేట్ నిండిన ఆ నీళ్లలో కాల్షియం కట్టుబడిపోవడం వల్లే మన సముద్రాల కంటే కనీసం వంద రెట్లు ఎక్కువ ఫాస్ఫేట్ కరిగి ఉండగలుగుతోందన్నది 2023 నాటి వివరణ. భూమి మీది సోడా సరస్సుల్లో జరిగేదీ ఇదే. బోరు నీళ్ల ప్రాజెక్టులు ఏళ్ల తరబడి చేయించిన అధ్యాపకులకు ఈ రసాయనం కొట్టిన పిండి. ఇంతకంటే అనువైన మార్గదర్శకత్వం ఏ పెద్ద సంస్థలో దొరుకుతుంది?

ప్రయోగం ఇలా పెట్టుకోవచ్చు. సమాన ఫాస్ఫేట్ ఉన్న రెండు వరసల ఫ్లాస్కులు. ఒక వరసలో సోడియం కార్బొనేట్ లేదు, రెండో వరసలో మోతాదు పెంచుకుంటూ వెళ్లాలి. అన్నిటికీ ఒకే కొలత కాల్షియం క్లోరైడ్ కలిపి, మూత పెట్టి, కొన్ని రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, వడగట్టి, మిగిలిన ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్ నీలి రంగు పద్ధతిలో కలరీమీటరుతో కొలవాలి. ఒక హెచ్చరిక: కిందటేడాది మా విద్యార్థిని ఫ్లాస్కుల్లో ఎంతసేపటికీ నీలి రంగు రాలేదు. రెండు రోజులు కారకాలు చెడిపోయాయని అనుకున్నాం. కారకంలోని ఆమ్లాన్నంతా కార్బొనేటే తినేస్తోంది. ముందుగా ఆమ్లం చుక్కచుక్కగా వేసి, బుసబుస పొంగు పూర్తిగా ఆగి, పీహెచ్ కాగితం ఆమ్లాన్ని చూపిన తర్వాత కారకం కలపండి. రంగు వెంటనే తిరుగుతుంది.

లెక్క వైపు కూడా లోటు లేదు. అమెరికా భూగర్భ సర్వే వారి ఫ్రీక్ (PHREEQC) అనే సాఫ్ట్‌వేరు ఉచితం. నీటిలో ఏ అయాను ఎంత, ఏ ఖనిజం దిగుతుందో అది చెబుతుంది. ముందు మీ ఊరి బోరు నీటి విలువలు ఎక్కించి ఫ్లోరైడ్ సరిగ్గా వస్తోందో చూడండి. ఆ నమ్మకం కుదిరాక ఎన్‌సెలడస్ విలువలు ఎక్కించండి. సమతౌల్య స్థిరాంకాలు 25 డిగ్రీలవి కాకుండా సున్నా డిగ్రీలకు సరిచేసినవేనా అని తప్పకుండా చూసుకోవాలి. సాహసం చేయాలనిపిస్తే హైడ్రోజన్ సంగతి తీసుకోండి. వేడినీళ్లు ఇనుము ఉన్న రాతితో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కలిసి మీథేన్ అయ్యే చర్యకు ప్రామాణిక స్వేచ్ఛాశక్తి మార్పు మైనస్ 131 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది. అక్కడి గాఢతల్లో అది ఎంతవుతుందో కట్టడం మూడో అధ్యాయానికి సరిపోతుంది.

మిగతావి, క్లుప్తంగా

గురుగ్రహపు మరో చందమామ అయో మీద సల్ఫర్ డయాక్సైడ్ మంచు ఉంది. గురుగ్రహపు నీడలోకి వెళ్లగానే అక్కడి గాలి గడ్డకట్టి నేల మీద పడుతుంది, ఎండ రాగానే లేస్తుంది. ట్రైటన్‌కు చేసిన లెక్కే దీనికీ చేయవచ్చు. గంధకం కరిగించి రంగులు చూసే ప్రయోగానికి ఆశపడితే పొగను బయటికి లాగేసే అర (ఫ్యూమ్ హుడ్) తప్పనిసరి, అది లేని ల్యాబుల్లో వద్దు. భౌతికశాస్త్రం మిత్రులు ఉంటే, అయో కదలికతో ముడిపడిన గురుగ్రహపు రేడియో మోతల గురించి అడగండి. అలాంటి పొడవైన తరంగాల టెలిస్కోపు హిందూపురానికి దగ్గరలోని గౌరీబిదనూరులోనే ఉంది. గురుగ్రహపు ఇంకో రెండు చందమామలు గనిమీడ్, కలిస్టోలకు జూస్ నౌక 2031లో గురుగ్రహం చేరేదాకా ఆగడం మేలు.

ఇంకా తేల్చుకోలేకపోతే మీ మార్కుల కాగితం తీసి చూడండి. విశ్లేషణ రసాయనం ప్రాక్టికల్స్‌లో చేయి స్థిరంగా ఉన్నవాళ్లు ఎన్‌సెలడస్ వైపు వెళ్లండి. థర్మోడైనమిక్స్ ఇష్టమై, ఒక్క సమీకరణాన్ని నెలల తరబడి తిప్పి చూసే ఓపిక ఉన్నవాళ్లు ట్రైటన్ తీసుకోండి. చర్యావేగాలు, ప్రోగ్రామింగ్ రెండూ వచ్చినవాళ్లు టైటాన్‌లో ఆ చిన్న ముక్క. ఇద్దరు కలిసి చేసే వీలుంటే ఒకరు ఎన్‌సెలడస్ ప్రయోగం, ఒకరు దాని లెక్క పంచుకోవడం నేను చూసినంతలో బాగా కుదిరింది.

ఎన్‌సెలడస్ అనుకున్నవాళ్లు చౌడు ఇప్పుడే చూసి పెట్టుకోవాలి. ఫిబ్రవరి చివరి నుంచి పొర బాగా కడుతుంది, ఒక్క వాన పడితే కరిగి లోపలికి దిగిపోతుంది. ఉదయం ఎండ ముదరకముందే వెళ్లి, పై పొరను మాత్రం స్టీలు చెంచాతో గీరి తీయండి. ఇనుప పార వద్దు. కనీసం మూడు చోట్ల నుంచి విడివిడిగా, పొడి ప్లాస్టిక్ సంచుల్లో, ఊరి పేరు, తేదీ రాసి తెచ్చుకోండి. అన్ని చౌడులూ సోడా చౌడులు కావు, కొన్ని ఉత్త ఉప్పువి. ఫినాఫ్తలీన్ సీసా వెంట తీసుకువెళ్లి చెంచాడు మన్ను స్వేదనజలంలో కలిపి పొలం గట్టు మీదే చుక్క వేసి చూడండి. గులాబీ రంగు రాకపోతే పక్క పల్లానికి నడవండి.